కరెంటు పోతే సంతోషించే మనిషి

"అంకుల్, ఇది మన దేశంలో ఇంకా ఎవరికీ తెలియని టెక్నాలజీ," అన్నాడు టై కట్టుకున్న సేల్స్ ఇంజనీరు.

మొన్న ఆటోనగర్‌లో మా షాపు పక్కనున్న గేర్ల కార్ఖానాకి వచ్చాడతను. వెంట ఒక సూట్‌కేసు, అందులో నల్లటి స్పాంజి మధ్య పసిపిల్లలా పడుకోబెట్టిన విదేశీ యంత్రం. దాని కొసని ఒక గేరు పన్ను మీద ఆనించాడు. తెర మీద పచ్చగీతలు లేచాయి. గేరుని సానపట్టేటప్పుడు ఎక్కడ మితిమీరి వేడెక్కిందో, లోపల ఎక్కడ ఒత్తిడి మిగిలిపోయిందో, కొయ్యకుండా, విరగ్గొట్టకుండా చెప్పేస్తుందట. ఇనుముని అయస్కాంతంగా మార్చేటప్పుడు లోపలినుంచి సన్నగా ఒక చప్పుడు వస్తుందట, ఆ చప్పుడు వింటుందట. కార్ఖానా యజమాని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎవరికీ తెలియదా?" అన్నాను.

"లేదంకుల్. ఇండియాలో దీనిమీద వర్క్ చేసినవాళ్ళే లేరు."

నా చెవులు వేడెక్కాయి. "నాయనా, నువ్వు పలకా బలపం పట్టుకునే రోజుల్లో, ఇదిగో ఈ గోడకి అవతల, మా షాపులో, పాత లారీ బ్యాటరీ ముందేసుకుని ఒక ఆడమనిషి ఈ చప్పుడు విన్నది. ఆవిడ సంగతి మీ కంపెనీకి తెలీదు. తెలియకుండా చేసినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఇస్త్రీ చొక్కాలేసుకుని తిరుగుతున్నారు," అన్నాను.

కుర్రాడు బిత్తరపోయాడు. "మాస్టారూ, మీరలా కూర్చోండి, బీపీ పెరుగుద్ది," అన్నాడు యజమాని.

పెరిగితే పెరగనీ. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ గురించి ఎవరూ రెండు ముక్కలు రాయలేదు. రాయాల్సిన వాళ్ళకి రాయడం చేతగాక కాదు, రాస్తే వాళ్ళ మొహాలే అందులో కనపడతాయి కాబట్టి రాయలేదు. నాకా బాధ లేదు. చిన్న క్లాసుల్లోనే బడి మానేసిన వాణ్ణి. ఏలూరు రోడ్డు వెంబడి పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొనుక్కుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషూ, కరెంటూ రెండూ నేర్చుకున్నాను. నా మొహం ఎక్కడ కనపడినా నాకు అభ్యంతరం లేదు. పేరు మాత్రం రాయను. మేమంతా ఆవిణ్ణి మేడం అనేవాళ్ళం, మాకు పేరుతో పని పడలేదు.

తొంభైల మధ్యలో అనుకుంటాను, ఒక ఉదయం సిటీబస్సు దిగి మా షాపులోకి వచ్చింది. నలిగిన నేతచీర, చంకలో తాటాకు బుట్ట. చేపలమ్మే వాళ్ళ దగ్గర ఉండే బుట్ట. చేపల మనిషేమో, దారి తప్పి వచ్చిందేమో అనుకున్నాం. "ఫిజిక్స్ లెక్చరర్నండీ," అని ఊరి బయట కొత్తగా లేచిన ఇంజనీరింగ్ కాలేజీ పేరు చెప్పింది. "నాకు స్టాంపింగులు కావాలి. వాడనివి."

ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో దొంతరగా పేర్చే పల్చటి ఇనప రేకుల్నే మా వాళ్ళు స్టాంపింగులంటారు. మామూలు ఇనుము కాదది, కరెంటు పని కోసమే పోతపోసి సాగదీసిన ఉక్కు. మా షాపుకి అటు చల్లపల్లి నుంచి, ఇటు కైకలూరు రొయ్యల చెరువుల దాకా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు వస్తాయి. విప్పుతాం, కొత్తగా చుట్టి ఇస్తాం. మా మేస్త్రీ లోపల్నుంచి మూలుగుతూ ఒక కొత్త రేకు తెచ్చి బల్ల మీద పడేశాడు. ఠంగుమంది.

"పడేశావా? ఇంక అది నాకొద్దు," అందావిడ.

"అదేమన్నా గాజు ప్లేటా అమ్మా, పగిలిపోడానికి?"

"గాజు పగిలితే కనపడుద్ది. ఇది దెబ్బతిన్నా కనపడదు."

"కనపడని దెబ్బకి ఇంత గోలా!"

"నీ నడుం నెప్పి కనపడుద్దా మేస్త్రీ? మరి ఆ రేకు మొయ్యడానికి అంతలా మూలిగావేం?"

షాపంతా గొల్లుమంది. మేస్త్రీ లోపలికి వెళ్ళి ఇంకో రేకు తెచ్చాడు. ఈసారి రెండు చేతులతో పట్టుకుని, అల్లుడికి పీట వేసినంత మర్యాదగా బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాని అంచుల్ని రెండేసి వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. చేపని మొప్పల దగ్గర పట్టుకుని తాజాదా కాదా అని చూస్తారే, అచ్చం అలా. ఆవిడది బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. హాస్టళ్ళలో ఉండి, స్కాలర్‌షిప్పుల మీద చదువుకుంది. మామూలప్పుడు లెక్చరర్ల భాష మాట్లాడేది, కోపం వస్తే మాత్రం ఒడ్డు భాష దిగేది. కోపం తరచుగానే వచ్చేది.

ఆవిడ ఏం చేస్తోందో మొదట్లో నాకర్థం కాలేదు. రేకుని సన్నటి పట్టీలుగా కోయించుకునేది. పట్టీ చుట్టూ ఒక రాగితీగ చుట్ట పెట్టి, అందులోకి బ్యాటరీ కరెంటుని అతి నెమ్మదిగా పెంచేది. పట్టీ పక్కన వెంట్రుక లాంటి తీగతో చుట్టిన ఇంకో చిన్న చుట్ట. దాన్నుంచి వచ్చేది పెంచి వినిపించే పెట్టె ఒకటి ఆవిడే తయారుచేసుకుంది. దానికో ముల్లు మీటరు, ఒక హెడ్‌ఫోను. ఒకరోజు ఆ హెడ్‌ఫోను తీసి నా చెవులకి పెట్టింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా చిటపటమంది. అది దగ్గరికొచ్చింది, జోరెక్కింది, మళ్ళీ సద్దుమణిగింది.

"ఏమనిపించింది బాబాయ్‌గారూ?"

"పొయ్యిలో ఉప్పు వేసినట్టుంది."

"నాకైతే బుట్టలో బతికున్న రొయ్యలు ఎగిరినట్టుంటది," అంది. "బస్టాండులో బస్సొచ్చిందనుకోండి. జనం మొత్తం ఒక్కలా కదలరు కదా. ఒకడి సంచి ఇరుక్కుంటది, ఒకడి చెప్పు తెగుద్ది, ఆగిపోతారు. వెనకోళ్ళు తోస్తారు. ఉన్నట్టుండి పదిమంది ఒక్కసారే ముందుకి పడతారు. ఇనుములో కూడా అంతే. లోపల చిన్న చిన్న అయస్కాంతాల గుంపులుంటాయి. మనం తిరగమంటే అన్నీ కలిసి తిరగవు. ఎక్కడో ఇరుక్కుంటాయి, ఒక్క ఉదుటున దూకుతాయి. ఆ దూకిన చప్పుడే ఇది."

"ఇరుక్కునేది దేనికి?"

"లోపలి దెబ్బలకి. ఎక్కడ వంచారో, ఎక్కడ కొట్టారో, కోసేటప్పుడు ఎక్కడ నలిపారో, అన్నిటికీ ఇరుక్కుంటాయి. అందుకే పడెయ్యొద్దన్నాను మీ మేస్త్రీని."

ఈ చప్పుడుకి ఎవరో జర్మను దొర పేరు పెట్టారు. ఆవిడ చెప్పింది గానీ ఆ పేరుకి నా నోరు తిరగలేదు. ఆవిడ మాత్రం గొణుగుడు అనేది. పరిశోధన అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. "ఇవాళ వినడానికొచ్చానండీ," అంటూ లోపలికి వచ్చేది.

ఎప్పుడు వచ్చేదంటే, కరెంటు లేనప్పుడు. ఇది చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే. ఆ రోజుల్లో ఆటోనగర్‌కి వారానికోసారి కరెంటు సెలవు ఉండేది. వరస వరసంతా ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ టీకొట్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆవిడ సరిగ్గా ఆ రోజే నవ్వుమొహంతో బస్సు దిగేది. గోడల్లో కరెంటు పారుతుంటే దాని ఝుంకారం ఆ చిన్న చుట్టలోకి దూరిపోయి, గొణుగుడు వినపడదు. మామూలు రోజుల్లో కూడా మధ్యలో కరెంటు పోతే అందరం "ఛీ" అనేవాళ్ళం, ఆవిడ ఒక్కతే "హమ్మయ్య" అని బుట్టలోంచి పట్టీలు తీసేది. "మేడంగారు రాగానే కరెంటు పోద్ది, ఈవిడే తీయిస్తుందేమోరా," అనేవాడు మేస్త్రీ. "నాకంత పలుకుబడే ఉంటే మీ వీధికి శాశ్వతంగా తీయించేదాన్ని," అనేది.

కాలేజీలో ఆవిడకిచ్చిన గది జనరేటరు పక్కన. అందుకే ఈ తిప్పలు. గది మార్చమని కరస్పాండెంటుని అడిగితే, "మేడం, ఆ చప్పుడు వింటే మనకి అడ్మిషన్లు పెరుగుతాయా?" అన్నాడట. వ్యాపారం నుంచి చదువుల్లోకి వచ్చిన పెద్దమనిషి. అడ్మిషన్లకి తప్ప ఇంకే చప్పుడుకీ ఆ చెవులు తెరుచుకోవు.

ఆవిడ పని చూస్తుంటే నాకు ముచ్చటేసేది, ఒక్కోసారి విసుగూ పుట్టేది. కరెంటుని ఒకే తీరున పెంచడానికి రెగ్యులేటరు మీటని సమంగా తిప్పాలి. చెయ్యి వణుకుతుంది. అంబాసిడర్ వైపరు మోటారు తెచ్చి బిగించాను. హెడ్‌ఫోను పెట్టుకున్న మరుక్షణం పీకి నా వైపు చూసింది. "మీ మోటారు బ్రష్షులు నా చెవిలో పేలాలు వేయిస్తున్నాయి. తీసెయ్యండి." చివరికి ఒక డబ్బా నిండా చిక్కటి గేరాయిలు పోసి, అందులో ఇత్తడి గుండు ఒకటి తాడు కట్టి వదిలింది. గుండు నూనెలోకి మెల్లగా దిగుతుంటే తాడు మీటని మెల్లగా తిప్పుతుంది. గుండు దిగుతున్నంతసేపూ షాపులో ఎవరూ దగ్గకూడదు. మేస్త్రీ ఒకసారి తుమ్మి, బయటికి వెళ్ళి రోడ్డు అవతల నిలబడి మరీ ముక్కు తుడుచుకున్నాడు.

నేనూ ఆ విషయం మీద పుస్తకాలు వెతికి చదివి, ఒకరోజు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "బాబాయ్‌గారూ, మీరు చెప్పిందాంట్లో సగం తప్పు. కానీ ఏం ధైర్యంగా చెప్పారండీ!" అని మిరపకాయ బజ్జీ నా చేతిలో పెట్టింది. బజ్జీ తిన్నాక సబ్బుతో మూడు విడతలు చేతులు కడిగితే గానీ పట్టీ ముట్టుకునేది కాదు, ముట్టుకోనిచ్చేదీ కాదు.

కోసిన పట్టీలో కోసేటప్పుడు పడిన నలుగుడు పోవాలంటే ఎర్రగా కాల్చి, దానంతటదే చల్లారనివ్వాలి. మా వరస చివర ఖాజా భాయ్‌కి లారీల కమాను పట్టీలు కాల్చే కొలిమి ఉంది. ఆవిడ పట్టీల్ని ఇనప పెట్టెలో పెట్టి, గాలి దూరకుండా మూతకి బంకమట్టి మెత్తి ఆయనకిచ్చేది. "మేడంగారూ, నేను లారీలు మోసే కమాన్లు కాల్చేవాణ్ణి. మీరు జడపిన్నులు తెచ్చి నా కొలిమి పరువు తీస్తున్నారు," అనేవాడు. అయినా ఆ పెట్టెని మధ్యలో బయటికి తీసేవాడు కాదు. కొలిమి చల్లారేదాకా తలుపు తెరవనిచ్చేవాడు కాదు, ఎవరి లారీ ఆగిపోయినా సరే. అలా కాల్చి చల్లార్చిన పట్టీలు, కొన్ని కాల్చనివి, కొన్ని కావాలని వంచినవి, వాటన్నిటి గొణుగుళ్ళూ విని, ఏ దెబ్బకి ఏ చప్పుడో తేల్చి ఏళ్ళ తరబడి రాసింది. దానిమీదే డాక్టరేటుకి పెట్టుకుంది.

అది వస్తే యూనివర్సిటీలో జనరేటరు లేని గది ఒకటి దొరుకుతుందని ఆవిడ ఆశ. అంతకుమించి, నాలుగో అధ్యాయం నిలబడుతుందని. సుత్తి దెబ్బ తగిలిన ఉక్కు పైకి అద్దంలా ఉన్నా లోపలి చప్పుడు మారిపోతుందని, ఆ మారిన చప్పుడుని బట్టి దెబ్బని పట్టుకోవచ్చని ఆ అధ్యాయం. అది నిజమని నలుగురూ ఒప్పుకుంటే, ట్రాన్స్‌ఫార్మరు చుట్టకముందే రేకు మంచి చెడ్డా తేలిపోతుంది. "మీ షాపుకి గిరాకీ తగ్గుద్ది బాబాయ్‌గారూ," అనేది. "తగ్గనీ తల్లీ," అనేవాణ్ణి.

పరీక్షాధికారి వేరే రాష్ట్రం నుంచి వస్తున్నాడని కబురొచ్చింది. పెద్ద సంస్థలో పెద్ద ప్రొఫెసరు. థీసిస్ చదివి, ప్రయోగం కళ్ళారా చూస్తానన్నాడట. ఆ మాటకి ఆవిడ పొంగిపోయింది. "చూస్తానన్నాడండీ! ఎవరూ చూస్తాననరు!" అని షాపంతా తిరిగి చెప్పింది. దసరా సెలవులు అయిన వెంటనే తారీఖు.

ఇప్పుడు చెప్పేది తలచుకుంటే ఇప్పటికీ నా పిడికిళ్ళు బిగుసుకుంటాయి.

బెజవాడలో దసరా అంటే తెలిసిందే. ఆయుధపూజ నాడు మా ఆటోనగర్‌లో స్పానరు దగ్గర్నుంచి లేతు మిషను దాకా కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్టు పెడతాం. కాలేజీ లాబుల్లోనూ అంతే. సెలవులు ఇవ్వగానే కరస్పాండెంటు లాబులన్నీ తిరిగాడు. ఆవిడ గదిలో పట్టీలు చూశాడు. కొన్ని కొలిమిలో కాలి నల్లబడ్డాయి, కొన్ని కాస్త వంకరపోయాయి. "ఏంటీ తుక్కు? బయటినుంచి ప్రొఫెసరు వస్తుంటే ఇలాగేనా పెట్టేది? పూజకి ముందే అన్నీ సాపుచేసి తళతళలాడించండి," అని లాబు అటెండరుకి ఆర్డరేశాడు. ఆవిడ అప్పటికే ఊరెళ్ళింది. అటెండరు మంచివాడు, రోజుకూలీ మీద పనిచేసే మనిషి, అమ్మవారి భక్తుడు. వర్క్‌షాపులోంచి సుత్తి తెచ్చాడు. దాగలి మీద పెట్టి ఒక్కో పట్టీనీ కొట్టి కొట్టి తిన్నగా చేశాడు. ఎమిరీ కాగితంతో రుద్దాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు ఇత్తడి పళ్ళేల్లా వరసగా పేర్చాడు.

పరీక్ష రోజు బ్యాటరీ మొయ్యడానికి నేనే వెళ్ళాను. తలుపు తీయగానే అటెండరు ఎదురొచ్చాడు. "చూడండి మేడం, అద్దాల్లా చేశాను!"

తిడుతుందనుకున్నాను. ఒక పట్టీని ఎత్తింది, అంచు పట్టుకుని వెలుతురులో చూసింది, కింద పెట్టింది. "కొట్టావా?" అంది చాలా నెమ్మదిగా.

"వంకరగా ఉంటే కొట్టానండీ. కరస్పాండెంటుగారు..."

"సరేలే," అంది. "పసుపు రాశావేంటయ్యా దానికి? పెళ్ళికూతురా?" అని నవ్వబోయి, నవ్వలేక, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

ప్రొఫెసరు వచ్చాడు. వెనక ఆవిడ గైడు, వినయం తప్ప ఇంకేమీ లేని మనిషి. పక్కన కరస్పాండెంటు. మెయిన్ స్విచ్ ఆపించింది ఆవిడ. ఫ్యాను ఆగింది. మా ఊరి ఉక్క మీకు తెలుసు. ప్రొఫెసరు కాలరు కింద రుమాలు పెట్టుకున్నాడు. గుండు నూనెలోకి దిగింది, ముల్లు లేచింది. అంతా ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు, నాకు అర్థం కాదనుకుని.

"మేడం, మీ థీసిస్‌లో అన్నిటికన్నా తక్కువ చప్పుడు చేసే పట్టీ ఇదే. ఇక్కడ ఇదే అన్నిటికన్నా ఎక్కువ అరుస్తోంది."

"అవును సార్. దీన్ని సుత్తితో కొట్టారు. కొడితే ఏమవుతుందో నాలుగో అధ్యాయంలో రాశాను. మీ ఎదురుగా ఇప్పుడు అదే అవుతోంది."

"సుత్తితోనా? ఎవరు కొట్టారు?"

అటెండరు గుమ్మంలోనే ఉన్నాడు. గోళ్ళకి ఇంకా కుంకుమ అంటుకునే ఉంది. కరస్పాండెంటు అతని వైపు ఒక్క చూపు చూశాడు. "మన లాబులో అలాంటివి జరగవండీ. అంతా పద్ధతి ప్రకారం ఉంటుంది," అన్నాడు. అటెండరు తల దించుకున్నాడు. ఆవిడ వేలు చూపించి "ఇతను" అంటే చాలు, గట్టున పడేది. ఆ మనిషికి మర్నాటినుంచి పని ఉండేది కాదు. ఆవిడ అటు చూడనే లేదు.

"ఎవరు కొడితే ఏముంది సార్? సాక్షులెందుకు? సుత్తి ఉంది, పట్టీ ఉంది," అంది. బుట్టలోంచి ఒక పట్టీ తీసింది. "ఇది నా దగ్గరే ఉంది, దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముందు వినండి." ముల్లు అడుగునే కదిలింది. ఆవిడ సుత్తిని తిప్పి, పిడి ఆయన వైపు ఉండేలా చాపింది. "ఇప్పుడు మీరే కొట్టండి. మీ చేత్తో. మళ్ళీ విందాం. పది నిమిషాల్లో తేలిపోద్ది."

ఆ సుత్తి అలా గాల్లోనే ఉంది. నేను చాలా అవమానాలు చూశాను, పడ్డాను. ఇంత చదువుకున్న మనిషి ఎదురుగా రుజువుని పిడితో సహా అందిస్తుంటే చేతులు వెనక్కి కట్టుకోవడం మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

"నేను సుత్తి పట్టుకోవడానికి ఇంత దూరం రాలేదు మేడం," అన్నాడు.

"అయితే నేనే కొడతాను. చూడండి." దాగలి మీద పెట్టి కొట్టింది. చుట్టలో పెట్టింది. గుండు దిగింది. ముల్లు పైకి లేవడం నేను నా రెండు కళ్ళతో చూశాను. "సార్, ఒక్కసారి హెడ్‌ఫోను పెట్టుకోండి, తేడా మీకే..."

ఆయన మెడ తుడుచుకుంటున్నాడు. కరస్పాండెంటు వైపు తిరిగి, "ముందు ఆ ఫ్యాను వేయిస్తారా దయచేసి?" అన్నాడు.

"అయ్యయ్యో, సార్‌కి చెమటలు పడుతున్నాయి, వెయ్యండయ్యా!" ఎవరో మెయిన్ స్విచ్ వేశారు. ఫ్యాను తిరిగింది. గోడల్లో కరెంటు పారింది. మీటరు ముల్లు ఆ చివరికి వెళ్ళి కొట్టుకుని అక్కడే వణుకుతూ నిలబడింది.

ప్రొఫెసరు నవ్వాడు. "ఇప్పుడు ఫ్యాను కూడా మీ నాలుగో అధ్యాయాన్ని రుజువు చేస్తోంది మేడం!"

అందరూ నవ్వారు. గైడు కూడా.

"అయ్యా, ఆ ఫ్యాను ఆపించి మళ్ళీ చూడండి, మీకు పుణ్యముంటుంది!" అని అరిచాను.

"మీరెవరండీ?" అన్నాడు కరస్పాండెంటు తెలుగులో.

"ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాణ్ణి."

"ఈయన్ని లోపలికి ఎవరు రానిచ్చారయ్యా?"

సాయంత్రం బండికి వెళ్ళిపోవాలట, ఇంకోసారి చూసే తీరిక లేదట. అమ్మవారి కొండ మీద దర్శనానికీ, కరస్పాండెంటు ఇంట్లో భోజనానికీ మాత్రం తీరిక దొరికింది. కొలతలు థీసిస్‌తో సరిపోవడం లేదని రిపోర్టు రాసి పారేశాడు. కొలత మారడమే ఆ థీసిస్! అది తెలియనివాడేం కాదు. చదివే వచ్చాడు. చెమట పట్టింది, అంతే. ఒక మనిషి ఏళ్ళ పని ఒక పెద్దమనిషి చెమట ముందు నిలబడలేదు.

వాళ్ళు వెళ్ళాక అటెండరు ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాడు. "అమ్మా, నేను చెప్పాల్సింది. నోరు రాలేదమ్మా."

"చెప్తే రేపట్నుంచి ఏం తింటావు? లే, బ్యాటరీకి ఓ చెయ్యెయ్యి, బాబాయ్‌గారు ఒక్కరే మోస్తున్నారు," అంది. ఏడవడం నేను చూడలేదు.

తర్వాత గైడు బుజ్జగించాడు. నాలుగో అధ్యాయం ఒక్కటి తీసేసి మళ్ళీ ఇస్తే పాసైపోతుందట, మిగతాదానితో ఎవరికీ పేచీ లేదట. నేను కూడా చెప్పాను, "తీసెయ్ తల్లీ, ముందు ఆ డాక్టరేటు చేతికి రానీ, తర్వాత నీ ఇష్టం," అని. ఒడ్డు భాష దిగింది. "కాలిన చుట్ట మీద రంగేసి ఇచ్చెయ్యమంటే ఇస్తారా మీరు? ఇయ్యరు కదా? మరి నాకెందుకు చెప్తా ఉండారు?" ఆ మాట మళ్ళీ ఎత్తలేదు నేను.

ఆవిడ ఆ అధ్యాయం తియ్యలేదు, థీసిస్ మళ్ళీ ఇవ్వలేదు. ఆ కాలేజీలోనే ఉండిపోయింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఫస్టియర్ క్లాసులు వేశారు. జనరేటరు పక్క గది కూడా కంప్యూటర్లకి కావాలని లాక్కున్నారు. మా దగ్గరికి రావడం తగ్గింది. ఊళ్ళో కరెంటు కోతలూ తగ్గాయి. అందరూ ఎదురుచూసిన రోజు అది, ఆవిడకి మాత్రం వినే చోటు లేకుండా పోయింది. చివరిసారి వచ్చినప్పుడు షాపులో కూర్చుని, "మీ వీధి మరీ రొదగా అయిపోయిందండీ," అంది. తర్వాత కామెర్లన్నారు. నెల తిరక్కుండానే పోయింది.

సంతాప సభ అని తెలిసి కాలేజీకి వెళ్ళాను. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో ఆవిడ ఫోటో కన్నా కరస్పాండెంటు ఫోటో పెద్దది. కన్నీటి నివాళి అని రాసి, కింద ఆవిడ పేరు వేశారు. పేరుకి ముందు "డాక్టర్" అని వేశారు.

ఇస్తామన్నప్పుడు ఆవిడ వద్దంది, ఇవ్వాల్సినప్పుడు వీళ్ళు ఇవ్వనివ్వలేదు, ఇప్పుడు చచ్చిపోయింది కాబట్టి తమ గేటుకి శోభగా రాసుకున్నారు. కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటుని పట్టుకుని అడిగితే, "గౌరవంగా ఉంటుందని వేశామండీ. ఇలాంటప్పుడు గొడవలేంటి చెప్పండి?" అన్నాడు.

గేటు పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. మేడం తల్లి. పొద్దున్నే ఒడ్డునుంచి బస్సులో వచ్చిందట. చదువు రాదు. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"బాబుగారా, ఇందులో మా పాప పేరు ఎక్కడుందయ్యా?"

చూపించాను.

"మరి దాని ముందున్న ముక్క?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. తల్లి కదా. "డాక్టర్ అని ఉందమ్మా," అన్నాను.

"ఇచ్చారా మరి? ఇయ్యలేదని నా ఒళ్ళో పడి ఏడిసింది కదా ఓ పాలి."

"ఇవ్వలేదమ్మా. ఇప్పుడు వాళ్ళే రాసుకున్నారు."

"దాన్ని అడక్కుండానా?"

"అడక్కుండానే."

ముసలావిడ ఆ ఫ్లెక్సీ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. అచ్చం కూతురి చూపే. "మరి చూస్తా నిలబడ్డారేంటి? పీకండి!"

సూపరింటెండెంటు అడ్డం వచ్చాడు. "అమ్మా, మీ అమ్మాయికి గౌరవం కోసమే..."

"బతికున్నప్పుడు పెట్టని కూడు ఇప్పుడెందుకయ్యా? తప్పుకో."

నిచ్చెన చప్పుడైంది. అటెండరు. జుట్టు నెరిసిపోయింది. పొద్దున ఫ్లెక్సీ కట్టిన నిచ్చెనే తెచ్చి గేటుకి ఆనించాడు. "ఎక్కొద్దయ్యా, కరస్పాండెంటుగారు లోపలే ఉన్నారు, నీ ఉద్యోగం ఉండదు!" అని సూపరింటెండెంటు కేకేశాడు. అతను వినపడనట్టే ఎక్కాడు. సభకి వచ్చిన పిల్లలు, మేష్టర్లు అందరూ ఆగిపోయి చూస్తున్నారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. అతను జేబులోంచి బ్లేడు తీసి, ఆ డాక్టర్ ముక్క మొదట్లో పెట్టి గీశాడు.

కిందినుంచి ఆ తల్లి తల ఎత్తి చూస్తూ అంది:

"పేరు తెగకుండా చూడు నాయనా."